రంగు కాదు, వరస చెప్పు

శనివారం మధ్యాహ్నం మూడున్నరకి, మా బాబాయి షాపులో, మా అక్క డ్రైవింగ్ స్కూలు కారు ఒకసారి తుమ్మింది. ఆ తుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మూత లేచి, గోడ గడియారం ఎత్తుదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, కిందికి దిగి, బల్ల మీద కూర్చుని ట్రాఫిక్ గుర్తుల పుస్తకం చదువుకుంటున్న మా అక్క వియ్యపురాలి ఒళ్ళో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మూతకి మాత్రం చిన్న సొట్ట పడింది. ఆవిడ ‘ముందు ప్రమాదకరమైన మలుపు’ అన్న బొమ్మ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

సరిగ్గా అప్పుడే బయటినుంచి వచ్చాడు బాబాయి. చంకలో కొత్త బ్యాటరీ. కారు వంక చూడలేదు, మూత వంక చూడలేదు, వియ్యపురాలి వంక అసలే చూడలేదు. నా వంక చూశాడు.

“రంగు పేరు ఎత్తింది ఎవర్రా?” అన్నాడు.

మా బాబాయి రంగుల్ని నమ్మడు. లోకంలో ఇంకా చాలావాటిని నమ్మడు గానీ అవన్నీ మామూలు అపనమ్మకాలు, మీకూ నాకూ ఉండేవే. రంగులతో ఆయనది పాత పగ. కార్లకి వైరింగు చేసి బతికే మనిషికి రంగులతో పగేమిటని మీరు అడగొచ్చు. వంటవాడికి ఉప్పుతో పగలాంటిది. మేమూ అడిగాం. “రంగనేది అవతలివాడు చెప్పే మాటరా. వాడు చూశాడా, పెట్టాడా, పెట్టినవాడి దగ్గర విన్నాడా, నీకెలా తెలుసు?” అనేవాడు. అలా అంటూ మెడలో వేలాడే ముల్లు మీటరుని ఒకసారి తడుముకునేవాడు, ఎవరైనా దాన్ని కూడా మార్చేశారేమోనని.

ఆయన దగ్గర మీటర్లు మూడున్నాయి. మొదటిది పనికి. రెండోది మొదటిది నిజం చెబుతోందా లేదా చూడడానికి. మూడోది రెండోదాని మీద నిఘాకి.

“మరి మూడోదాన్ని ఎవరు కనిపెడతారు బాబాయ్?” అన్నాను ఒకసారి.

“నేను. నన్ను మీ పిన్ని కనిపెడుతుంది. నువ్వు పని చూసుకో” అన్నాడు.

ఆయనతో కార్లో వెళ్ళడం ఒక పరీక్ష. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు “పచ్చ పడింది బాబాయ్, పోనీ” అంటే పోనివ్వడు. “పచ్చని ఎవరన్నారు? పై దీపమా, నడిమి దీపమా, కింది దీపమా, అది చెప్పు” అంటాడు. “కిందిదే బాబాయ్” అని మనం చెప్పేలోపు పైది పడుతుంది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతూ మా వంశాన్నంతా పేరుపేరునా తలుచుకుంటారు. బాబాయి మాత్రం “చూశావా, ఎంత తొందరో వీళ్ళకి. ఏదో దాస్తున్నారు” అంటాడు.

కూరగాయల దగ్గరా అంతే. టమాటాలు రంగు చూసి కొనడు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెంట తీసుకొచ్చిన తన షాపు మనిషి చేత కూడా నొక్కించి, అప్పుడు సంచీలో వేస్తాడు. ఆ కొట్టావిడ బాబాయిని వీధి మలుపులో చూడగానే బుట్ట మీద గోనెపట్టా కప్పేస్తుంది.

ఆ షాపు మనిషి గురించి చెప్పాలి. ఆయన్ని మేం టంకం మావయ్య అంటాం. వరసకి మాకేమీ కాడు. బాబాయి ఆయన్ని “బావా” అంటాడు కాబట్టి మాకు మావయ్య అయ్యాడు. ఇరవై రెండేళ్ళుగా బాబాయి షాపులో వైర్లకి టంకం పెట్టేది ఆయనే. ఆయన అతికిన అతుకు నీటిబొట్టులా ఉంటుంది. దాన్ని చూస్తే వైరు తెగడమే మంచిదైందనిపిస్తుంది. మాట మాత్రం తక్కువ. రోజుకి ఇరవై మాటలు దాటితే ఆ రోజు ఆరోగ్యం బాగాలేదని లెక్క. ఒక కాలికి ఆకుపచ్చ మేజోడు, ఒక కాలికి గోధుమరంగు మేజోడు వేసుకొస్తాడు. బాబాయి కూడా అలాగే జతలేని మేజోళ్ళే వేసుకుంటాడు. షాపుకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఈయన కాళ్ళు, తర్వాత ఆయన కాళ్ళు చూసి, కారు ఇక్కడ వదలాలా వద్దా అని గుమ్మంలోనే కాసేపు నిలబడతారు.

ఇక ఆ షాపులో వైరుని రంగుతో పిలవడం నేరం. శిక్ష: ఆ పూట టీ లేదు. మరెలా పిలవాలి? వరసలతో పిలవాలి.

ఇక్కడ మా అక్క కారు కథ రెండు ముక్కల్లో చెబుతాను, అర్థమవుతుంది. అక్క డ్రైవింగ్ స్కూలు అంటే ఒక బోర్డు, ఒక కారు, అక్క నోరు. మూడిట్లో కారే బలహీనం. ముసలి ఇంజను, ఎప్పుడు పడితే అప్పుడు నడివీధిలో పడుకునేది. దాన్ని కుర్రదాన్ని చేస్తానని అక్క ఒక ఈసీయూ కొంది. కారుతో పుట్టింది కాదు, విడిగా కొని తగిలించే కంప్యూటరు పెట్టె. ఇంజనుకి ఎప్పుడు నిప్పు పుట్టించాలో అది లెక్క కడుతుంది. కానీ ఇంజను ఎక్కడిదాకా తిరిగిందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ కబురు పంపేది డిస్ట్రిబ్యూటరు, అంటే ఇంజను పక్కన నిలబడి తిరిగే గుండ్రటి డబ్బా. పాత సామాను అంగట్లో మరో కారుది వెతికి తెచ్చాం. దాన్లో రెండు సెన్సార్లు. ఒకటి పళ్ళచక్రం పళ్ళు లెక్కపెడుతుంది, రెండోది చుట్టు పూర్తయినప్పుడల్లా ‘అయింది’ అని చెబుతుంది. ఒక్కోదానికి రెండేసి వైర్లు. ఆ వైర్లు తెచ్చి పెట్టెకి కట్టాలి. అంతే పని.

“అంతే అనకు” అన్నాడు బాబాయి, శుక్రవారం నన్ను కూర్చోబెట్టి. “ఇదిగో, ఈ పళ్ళు లెక్కపెట్టేదానికి రెండు వైర్లున్నాయా? వీడు వియ్యంకుడు. ఈవిడ వియ్యపురాలు.”

“వియ్యంకులెందుకయ్యారు బాబాయ్?”

“ఎవరి కుర్చీలో వాళ్ళే కూర్చోవాలి కాబట్టి. ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నారంటే ఇల్లు లేచిపోతుంది. ఆ రెండో సెన్సారువి బావా మరదలూ. వాళ్ళూ అంతే.”

“మరి వీటి చుట్టూ జడలా అల్లి ఉంది చూడు, ఈ తీగ?”

“ఇల్లరికపల్లుడు. పెట్టె వైపు మాత్రమే కట్టాలి. డిస్ట్రిబ్యూటరు వైపు తెంచెయ్యాలి. రెండిళ్ళకీ తిరగనిచ్చావో, ఊళ్ళో గోలంతా మోసుకొచ్చి పెట్టె చెవిలో పోస్తాడు.”

“ఎర్తు వైరు?”

“నాయనమ్మ. ఎవరెక్కడ కొట్టుకున్నా చివరికి ఆవిడ దగ్గరికే చేరాలి.”

ఆపైన ఒక్కో వైరుకి దారంతో ముళ్ళు వేస్తాడు. వియ్యంకుడికి ఒకటి, వియ్యపురాలికి రెండు, బావకి మూడు, మరదలికి నాలుగు. టంకం మావయ్య ఆ ముళ్ళని వేళ్ళతో తడిమి, తల ఊపి, అతుకుతాడు. ఏ ముడి వెయ్యాలో తేల్చడానికి ముందు బాబాయి ఒక్కో వైరునీ రెండు చివర్లా మీటరు పెట్టి, మళ్ళీ చివర్లు మార్చి, మధ్యలో ఎవరైనా వచ్చి పలకరిస్తే మళ్ళీ మొదట్నించీ చూస్తాడు. ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తూనే ఉంటారు. అందుకని శుక్రవారం సాయంత్రానికి నాయనమ్మ ఒక్కతే తేలింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి అక్క దగ్గర నేర్చుకున్న నలుగురికి లైసెన్సు పరీక్ష. ఆ కారులోనే. ఆ రోజు తప్పితే మళ్ళీ తేదీ మూడు నెలల తర్వాత. నలుగురిలో ఒకరు అక్క కొడుకు అత్తగారు, అంటే సాక్షాత్తూ అక్క వియ్యపురాలు. యాభై ఆరో ఏట స్టీరింగు పట్టుకుని, వాళ్ళ వైపు చుట్టాలందరికీ “సోమవారం నుంచి నా బండిలో నేనే వస్తాను” అని చెప్పేసుకున్నారు. కారు కదలకపోతే పోయేది స్కూలు ఒక్కటే కాదు, వియ్యాలవారి ముందు అక్క పరువు కూడా. శనివారం ఆవిడ్ని వెంటబెట్టుకుని వచ్చి షాపులో బైఠాయించింది అక్క.

బాబాయి కొత్త బ్యాటరీ తేవడానికి వెళ్ళాడు. మామూలు మనిషికి పావుగంట పని. బాబాయి బ్యాటరీని ఆ కొట్లో చూడాలి, కొట్టు బయట చూడాలి, దారిలో ఏమైనా జరిగిందేమోనని మధ్యలో ఆగి ఒకసారి చూడాలి. మూడు దాటినా పత్తా లేడు.

“తమ్ముడూ, నీ చేతిలో ఆ కాయితం ఏమిటి?” అంది అక్క.

“పెట్టెతో వచ్చింది. ఏ వైరు ఎక్కడికో వేసిన బొమ్మ.”

“రంగులున్నాయా?”

“ఉన్నాయి.”

“మరి నువ్వు చదువుకున్నావుగా! కట్టించు. ఆ వరసలన్నీ తేలేసరికి నాకు మనవలు పుట్టి వాళ్ళకీ లైసెన్సులొస్తాయి.”

నాకూ ఆ మాట నచ్చింది. టంకం మావయ్య దగ్గరికి వెళ్ళాను. “మావయ్యా, పెట్టెలోంచి వచ్చే ఎర్రదాన్ని డిస్ట్రిబ్యూటరు ఎర్రదానికి. ఆకుపచ్చని ఆకుపచ్చకి. రెండో జతలో నలుపుకి నలుపు, తెలుపుకి తెలుపు. అయిపోయింది.”

“మీ బాబాయిని రానీ” అన్నాడు.

“వచ్చాక మళ్ళీ మీటరు తీస్తాడు. కానివ్వు మావయ్యా.”

ఆయన వైర్లని చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో పెట్టి చూశాడు. వెనక్కి వచ్చాడు. “ఏది ముందన్నావు?”

“ఎర్రది.”

“ఏ చేతిలోది?”

“ఎర్రది మావయ్యా” అన్నాను, కాయితంలోంచి తలెత్తకుండానే. ఇప్పుడు గుర్తొస్తే చెవులు కాలతాయి. ఆయన రెండు చేతుల్నీ ఇంకోసారి చూసుకుని టంకం పెట్టాడు. నీటిబొట్ల లాంటి అతుకులు. పాత బ్యాటరీతోనే అక్క తాళం తిప్పింది. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

“నేనే ఎత్తాను బాబాయ్, రంగు పేరు” అన్నాను.

“టీ లేదు” అన్నాడు బాబాయి. బ్యాటరీ దించి, వైర్లని తడిమాడు. “ఒక్క ముడి లేదు! గాలికి కట్టారా?” పెట్టె దగ్గర కనెక్టరు ఊడదీసి, అక్కడ మీటరు తగిలించి నా చేతికిచ్చాడు. డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, ఒక స్క్రూడ్రైవరుని సెన్సారు దగ్గరికి మెల్లగా తీసుకొచ్చాడు. ఇనుము దగ్గరికొచ్చినప్పుడు ముల్లు ముందుకి తన్నాలి. అది వెనక్కి తన్నింది.

“అనుకున్నాను! వియ్యపురాలే. ఇదంతా ఆవిడ చేసిందే” అన్నాడు బాబాయి ఇంజన్లో తలపెట్టి.

బల్ల మీంచి ఆవిడ లేచి నిలబడ్డారు. ఒళ్ళోని మూత దబ్బున కింద పడింది. “నేనేం చేశానండీ? నా మానాన నేను పుస్తకం చదువుకుంటుంటే!”

“మిమ్మల్ని కాదు వదినగారూ,” అక్క పరిగెత్తింది, “ఇంజన్లో వియ్యపురాల్ని!”

“ఇంజన్లో కూడా నేనేనా?”

“ఉండాల్సిన చోట ఉంటేగా!” బాబాయికి పని మీద ఉంటే బయటి మాట వినపడదు. “వెళ్ళి వియ్యంకుడి కుర్చీలో కూర్చుంది. అందుకే ముందుకి తన్నాల్సింది వెనక్కి తన్నుతోంది. ఉండు, పీక కోసి అవతల పారేస్తాను.”

“మా ఆయన కుర్చీలో నేనెప్పుడు కూర్చున్నానండీ? అయినా ఆయన కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి!”

అక్క ఆవిడ్ని పట్టి కూర్చోబెట్టి, వంగి వైర్ల వంక చూసింది. “ఇదేమిటి? ఎర్రదాన్ని ఆకుపచ్చకి అతికారు! తమ్ముడూ, నువ్వు చెప్పిందేమిటి? మావయ్యా, మీరు కట్టిందేమిటి?”

టంకం మావయ్య చేతిలో వేడి కడ్డీ అలాగే ఉంది. ఆయన తన మేజోళ్ళ వంక చూసుకుంటున్నాడు. నా మీదికి రాకుండా చూసుకోవాలన్న నీచబుద్ధి నాకూ ఉంది. “నేను ఎర్రకి ఎర్రే అని...” అంటూ నోరు తెరిచాను.

కటుక్కుమంది. బాబాయి కటింగ్ ప్లయర్‌తో అతుకులన్నీ కోసేశాడు. ఏది దేనికి అతికిందో చూసుకోవడానికి ఒక్క ముక్క మిగల్చకుండా ఏరి, నూనె బకెట్లో పడేశాడు.

“ఆ కాయితం ఇలా తే.” ఇచ్చాను. దూరంగా పెట్టి చూశాడు, వెనక తిప్పి చూశాడు. “ఈ బొమ్మ వేసినవాడెవడు? మన డిస్ట్రిబ్యూటరు మొహం ఎప్పుడైనా చూశాడా? పాత సామాను అంగట్లో దాని వైర్లు ఎంతమంది మార్చారో వాడికి తెలుసా? తప్పుల తడక. దీని ప్రకారం ఎవరు కట్టినా పేలుతుంది. బావ కట్టాడు గనక మూతతో పోయింది, ఇంకొకడైతే కప్పు లేచేది!” అని కాయితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

అక్క ఇంకా కనుబొమలు ముడిచే ఉంది. “బాబాయ్, కానీ ఇక్కడ ఎర్రది...”

“నీకూ టీ లేదు” అన్నాడు.

ఆపైన రెండున్నర గంటలు మీటరు, స్క్రూడ్రైవరు, ముళ్ళు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టంకం మావయ్య వేళ్ళు తడిమాయి, తల ఊగింది, నీటిబొట్లు మెరిశాయి. ఇల్లరికపల్లుడి రెండో చివర తెగింది. ఆరు దాటాక అక్క తాళం తిప్పితే, ముసలి ఇంజను గొంతు సవరించుకుని హాయిగా పాట అందుకుంది. వియ్యపురాలు చప్పట్లు కొట్టారు. “ఇప్పుడు నేను నా కుర్చీలోనే ఉన్నానా?” అని కూడా అడిగారు.

నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. బాబాయి వైర్ల మీద నల్ల రబ్బరు గొట్టం తొడుగుతుంటే అతుకులు నా కంటపడ్డాయి. ఎర్రది ఎర్రకే ఉంది, ఆకుపచ్చది ఆకుపచ్చకే. అంటే కాయితం నిజమే చెప్పింది! బాబాయి చటుక్కున గొట్టం చివరిదాకా లాగేసి నా వంక చూశాడు. అంత అనుమానంగా ఆయన ఏ బ్యాటరీనీ చూడలేదు.

“బాబాయ్,” అన్నాను.

“ఏమిటి?”

“టీ తాగుదామా?”

“తాగుదాం” అన్నాడు వెంటనే. అంత తొందరగా శిక్ష రద్దు కావడం ఆ షాపులో అదే మొదటిసారి. నాకు అనుమానం ఇంకా బలపడింది.

టంకం మావయ్యని బస్‌స్టాపు దాకా నేనే దింపాను. దారిలో ఆయన ఆ వారానికి సరిపడా మాటలు మాట్లాడాడు.

“ఇవాళ మీ బాబాయి పుణ్యాన బయటపడ్డానురా. నాకు చిన్నప్పట్నించీ ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనపడతాయి. ముందు పనిచేసిన చోట అది తెలిసే తీసేశారు. ఇక్కడ చేరిన రెండో వారంలో ఒక లైటు తిరగేసి కట్టాను. ఇంక ఇక్కడా అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మీ బాబాయి వచ్చి, ‘బావా, రాత్రంతా ఆలోచించాను, ఇకమీదట ఈ రంగుల్ని నమ్మేది లేదు’ అన్నాడు.”

“అంతకుముందు నమ్మేవాడా?”

“అందరిలాగే నమ్మేవాడు. ఉన్నట్టుండి అలా తిరిగాడు. నా అదృష్టం చూడు, సరిగ్గా సమయానికి ఆయనకి ఆ పిచ్చి పట్టింది!” మావయ్య నా వైపు వంగి గొంతు తగ్గించాడు. “ఆయనకి మాత్రం చెప్పకురా. అసలే అనుమానం మనిషి. తెలిస్తే నా చేతికి మళ్ళీ వైరు ఇస్తాడా? ఇంకో సంగతి. ఆయన మేజోళ్ళు చూశావా? ఎప్పుడూ జత కుదరవు. ఆయనకీ రంగులు తెలియవేమోనని నాకు ఎప్పట్నించో అనుమానం. పాపం, అడిగితే బాధపడతాడని ఊరుకున్నాను.”

బస్సు వచ్చింది. నేను సిగ్నలు దాకా నడుస్తూ వెళ్ళి, కింది దీపం వెలిగేదాకా చాలాసేపు నిలబడి, వెలిగాక కూడా కాసేపు నిలబడ్డాను.

సోమవారం పరీక్షలో నలుగురిలో ముగ్గురు గట్టెక్కారు. నాలుగో ఆయన తప్పింది సొంత ప్రతిభతోనే, కారు తప్పేమీ లేదు. వియ్యపురాలి దగ్గరికి వచ్చేసరికి పరీక్ష ఆఫీసరు, “సిగ్నల్లో ఆకుపచ్చ పడితే ఏం చేస్తారమ్మా?” అని అడిగాడట.

“ఆకుపచ్చని ఎవరన్నారండీ? కింది దీపం అని చెప్పండి, అప్పుడు పోనిస్తాను” అన్నారట ఆవిడ.

ఆయన కలం కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, పాసు చేసేశాడు.

ఆ సాయంత్రం అక్క షాపు మీదికి దండెత్తింది. టంకం మావయ్య టీ తేవడానికి వెళ్ళాడు. బాబాయి రెండో మీటరుతో మొదటి మీటరుని విచారిస్తున్నాడు.

“ఏం బాబాయ్! మా వదినగారికి కూడా ఎక్కించావుగా నీ పిచ్చి! ఆ ఆఫీసరు మంచివాడు కాబట్టి సరిపోయింది. అరగంట పని రెండు రోజులు చేశావు. మంచి కాయితాన్ని పట్టుకుని తప్పుల తడక అన్నావు. ఇంతమంది కళ్ళారా చూసి నమ్మే రంగులు నిన్నేం చేశాయి? పాపం, వాటి మీద నీకెందుకంత అనుమానం?”

బాబాయి గుమ్మం వైపు చూశాడు. మావయ్య ఇంకా రాలేదని ఒకసారి, నిజంగానే రాలేదని ఇంకోసారి చూసుకుని, మళ్ళీ మీటరు మీదికి వంగి అన్నాడు:

“ఎవర్నో ఒకర్ని అనుమానించాలి కదే, రంగులైతే ఏమీ అనుకోవు.”